ఆండీస్ కొండల్లో పెళ్ళికి కుటుంబంతో వెళ్ళడం ఎలా: కుస్కో, ఉరుబాంబా లోయకు సమగ్ర మార్గదర్శి

పెళ్ళి పెరూలోని కుస్కో దగ్గర అని శుభలేఖ రాగానే ఇంట్లో అందరూ టికెట్ ధరలు వెతకడం మొదలుపెడతారు. ధర సంగతి తర్వాత చూడొచ్చు. ముందు తేలాల్సింది ఒకటే: దిగిన రోజు రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారు? హోటల్, విమానం, పెళ్ళి రోజు, బామ్మగారిని తీసుకెళ్ళాలా వద్దా అన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న మన పిల్లలు పెరూ సంబంధం చేసుకుంటే, పెళ్ళి చాలాసార్లు అవతలివాళ్ళ ఊళ్ళోనే జరుగుతుంది. ఇటునుంచి అమ్మానాన్నలు, మేనత్తలు, బాబాయిలు, చంటిపిల్లలు అందరూ కదలాలి. ఇక్కడ రాసింది అలాంటి బృందం కోసం. ఒంటరిగా వీపున సంచి వేసుకుని తిరిగేవాళ్ళకు ఇంత జాగ్రత్త అక్కర్లేదు.

1. ముందు ఎత్తులు రాసుకోండి

ఒక కాగితం మీద ఈ ఊళ్ళు, వాటి ఎత్తులు రాసి గోడకు అంటించండి. ప్లాన్ మార్చాల్సి వచ్చిన ప్రతిసారీ దీన్నే చూడాలి.

- లీమా (పెరూ రాజధాని): సముద్ర తీరం
- ఆగ్వాస్ కాలియెంతెస్ (మచు పిచ్చు కింది ఊరు): సుమారు 2,040 మీటర్లు
- మచు పిచ్చు (ఇంకాల పురాతన కట్టడం): 2,430
- ఓయాంతాయ్‌తాంబో: సుమారు 2,800
- ఉరుబాంబా, యుకాయ్: సుమారు 2,870
- పిసాక్: సుమారు 2,970
- కుస్కో: 3,400
- చించేరో: సుమారు 3,760
- పూనో, టిటికాకా సరస్సు: 3,800 పైన
- లా రాయా కనుమ (కుస్కో నుంచి పూనో దారిలో): 4,300 పైన
- వినికుంకా, అంటే రంగుల కొండ: 5,000 పైన

తిరుమల కొండ వెయ్యి మీటర్లు కూడా ఉండదు. కుస్కోలో ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్ర తీరంలో అందేదానిలో మూడింట రెండొంతులే. లీమా నుంచి అక్కడికి విమానంలో గంటన్నర కూడా పట్టదు. శరీరానికి అలవాటు పడే వ్యవధి దొరకదు, అసలు ఇబ్బంది అదే.

ఉరుబాంబా లోయను స్పెయిన్ భాషలో పవిత్ర లోయ అంటారు. అది కుస్కో కంటే 500 మీటర్లకు పైగా కింద ఉంటుంది. అందుకే విమానం కుస్కోలో దిగినా కుస్కోలో ఆగకూడదు. నేరుగా లోయకు దిగి అక్కడే పడుకోవాలి, కుస్కో నగరాన్ని చివర్లో చూడాలి. ఈ ఒక్క క్రమం పాటిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దని కొండవైద్యులు చెబుతారు. పగలు కాసేపు ఎత్తుకు వెళ్ళి రావడం వేరు, రాత్రి అక్కడ పడుకోవడం వేరు.

2. ఎవరెవరు వెళ్ళాలో డాక్టర్ దగ్గర తేల్చుకోండి

టికెట్లు కొనకముందే ఈ పని చేయాలి. కొన్నాక డాక్టర్ వద్దంటే ఇంట్లో గొడవే.

వీళ్ళను తప్పకుండా చూపించండి:

- ఇటీవల గుండెపోటు వచ్చినవాళ్ళు, స్టెంట్ వేయించుకున్నవాళ్ళు
- ఊపిరితిత్తుల జబ్బు, తీవ్రమైన ఆస్తమా, నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉన్నవాళ్ళు
- బీపీ, షుగర్‌కు మందులు వాడేవాళ్ళు
- గర్భిణులు, పసిపిల్లలు
- సికిల్ సెల్ ఉన్నవాళ్ళు. ఏజెన్సీ ప్రాంతాల కుటుంబాలైతే ఈ పరీక్ష అయిందో లేదో అడగండి. జబ్బు ఉన్నవాళ్ళకు ఎత్తు నిజంగా ప్రమాదం.

డాక్టర్‌ను ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మందు గురించి అడగండి. అసలు పేరు అసిటజోలమైడ్. పెద్దవాళ్ళకు నివారణ కోసం మామూలుగా 125 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకు రెండుసార్లు, ఎత్తుకు వెళ్ళే ముందు రోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. వేసుకున్నాక వేళ్ళలో చిమచిమలు, మాటిమాటికీ మూత్రం, సోడా చప్పగా అనిపించడం మామూలే. ఇవి తెలియక ఎవరో ఒక పెదనాన్న మందు తేడా చేసిందని మానేస్తారు. ముందే చెప్పి ఉంచండి.

కుస్కో మందుల షాపుల్లో ఎత్తు జబ్బుకని అమ్మే మాత్రల్లో కొన్నింటిలో ఆస్పిరిన్, కెఫీన్ ఉంటాయి. రక్తం పలచబడే మందులు వాడే పెద్దవాళ్ళు, పిల్లలు వాటి జోలికి వెళ్ళొద్దు.

బీమా తీసుకునేటప్పుడు ఎన్ని మీటర్ల ఎత్తు వరకు వర్తిస్తుంది, పాత జబ్బులు కలుస్తాయా అనే రెండు ప్రశ్నలు అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

3. పాస్‌పోర్టులు, వీసాలు, పేర్లు

భారతీయ పాస్‌పోర్టుతో పెరూ వెళ్ళాలంటే వీసా కావాలి. అయితే అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ దేశాల్లో ఏదో ఒకదాని వీసా కనీసం 6 నెలల గడువుతో ఉన్నా, అక్కడ శాశ్వత నివాస హక్కు ఉన్నా, పర్యటనకు వీసా అక్కర్లేదు. ఈ వెసులుబాటు 2017 నుంచి ఉంది. మిగతావాళ్ళు ఢిల్లీలోని పెరూ రాయబార కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే వారం మళ్ళీ చూసుకోండి.

దారిలో విమానం మారే దేశం సంగతి చాలామంది మర్చిపోతారు. అమెరికా మీదుగా వెళ్తే, విమానాశ్రయం దాటకపోయినా అమెరికా వీసా కావాలి. యూరప్ మీదుగా వెళ్తే ఆ దేశం ట్రాన్సిట్ నిబంధన విడిగా చూడాలి.

అమెరికాలో హెచ్1బి మీద ఉన్న పిల్లలకు ఇంకో మెలిక ఉంది. పాస్‌పోర్టులో స్టాంపు గడువు అయిపోయి ఉంటే పెరూ వెసులుబాటు వర్తించదు, తిరిగి అమెరికాలోకి రావడమూ కుదరదు. కెనడా, మెక్సికోలకు కొద్దిరోజులు వెళ్ళొస్తే దొరికే సడలింపు పెరూకు లేదు. పెళ్ళికొడుకే ఇందులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. అందరికంటే ముందు అతని స్టాంపు చూడండి.

ఇక పేర్లు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండడం, ఒకరికి ఇంటిపేరు పూర్తిగా, ఇంకొకరికి పొడి అక్షరంగా ఉండడం మామూలు. పెరూ రైలు, మచు పిచ్చు టికెట్ల ఫారాల్లో పేరు, ఇంటిపేరు రెండూ అడుగుతారు, గేటు దగ్గర అసలు పాస్‌పోర్టుతో సరిచూస్తారు. అందరి పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు ఒక్కరే ఒక పట్టికలో రాసి, విమానం టికెట్‌లో ఎలా ఉందో అన్నిచోట్లా అలాగే నింపండి. తలా ఒక రకంగా బుక్ చేస్తే సరిదిద్దేసరికి ప్రాణం పోతుంది.

చెక్‌లిస్టు:

- తిరుగు ప్రయాణం నాటికి ఇంకా 6 నెలలు మిగిలి ఉన్న పాస్‌పోర్టు
- వీసా లేదా శాశ్వత నివాస కార్డు
- ఒక్క తల్లితోనో తండ్రితోనో వస్తున్న పిల్లలకు రెండోవారి నోటరీ సమ్మతి పత్రం
- బంగారం తీసుకెళ్తుంటే బయల్దేరే విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం. ఇది లేకపోతే తిరిగొచ్చేటప్పుడు సొంత నగలకే సంజాయిషీ చెప్పుకోవాలి.
- మందుల చీటీలు, మందుల అసలు పేర్లతో

4. ఎల్లో ఫీవర్ టీకా: కుస్కోకు కాదు, ఇంటికి రావడానికి

కుస్కో, మచు పిచ్చు ఎత్తుల్లో ఈ జ్వరం భయం లేదు. కానీ ఈ జ్వరం ఉన్న దేశాల జాబితాలో పెరూ ఉంది. అక్కడి నుంచి బయల్దేరిన 6 రోజుల్లోపు భారత్‌లో దిగితే టీకా వేయించుకున్నట్టు చూపే పసుపు కార్డు అడుగుతారు. లేకపోతే క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్ళకుంది.

టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. అధీకృత కేంద్రంలో వేయించుకుంటేనే కార్డు చెల్లుతుంది. 60 దాటినవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు ముందు డాక్టర్‌ను అడగాలి. వద్దంటే వాళ్ళ ప్రయాణం గురించి అప్పుడే మళ్ళీ ఆలోచించాలి.

5. చట్టప్రకారం పెళ్ళి ఎక్కడ నమోదు చేయాలి?

పెరూలో సివిల్ పెళ్ళికే చట్టబద్ధత. చర్చిలో జరిగినా, మన పురోహితుడు చేసినా, కొండదేవతల ముందు జరిగినా అవి సంప్రదాయం కిందే లెక్క. అక్కడే నమోదు చేయాలంటే మన జనన ధ్రువపత్రం, అవివాహిత పత్రం లాంటివి, విదేశాల్లో చెల్లేందుకు వేసే ముద్ర అయిన విదేశాంగ శాఖ అపోస్టిల్‌తో తీసుకెళ్ళి, పెరూలో అధికారిక అనువాదకుడితో స్పానిష్‌లోకి మార్పించాలి. వైద్య పరీక్ష, సాక్షులు, ముందస్తు ప్రకటన కూడా ఉంటాయి.

నన్నడిగితే, వధూవరులు ఎక్కడ కాపురం ఉండబోతున్నారో అక్కడే ముందు రిజిస్టర్ చేసుకుని, కుస్కోలో వేడుక మాత్రం పెట్టుకోవడం మంచిది. చర్చి వేడుక కూడా ఉంటే, క్యాథలిక్ కాని వ్యక్తిని చేసుకోవడానికి చర్చి అనుమతి తీసుకోవాలి. దానికీ నెలలు పడుతుంది.

6. నెల, ముహూర్తం, వేదిక

మే నుంచి అక్టోబరు దాకా పొడి కాలం, నవంబరు నుంచి వానలు. జనవరి, ఫిబ్రవరిలో గట్టిగా పడతాయి, కొండచరియలు విరిగి దారులు మూసుకుంటాయి. జూన్, జూలైలో ఆకాశం తేటగా ఉంటుంది. అయితే పగలు స్వెటర్ తీసేసేంత ఎండ, రాత్రి కుస్కోలో సున్నా డిగ్రీల దాకా చలి. జూన్ 24న ఇంతి రైమి పండుగ. ఆ వారం కుస్కోలో గది దొరకడమే కష్టం. మే, సెప్టెంబరు అన్నివిధాలా నయం.

పెరూ గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక. ఊరి పంచాంగంలోని ముహూర్తం నుంచి పదిన్నర గంటలు తీసేస్తే సరిపోదు. లగ్నం స్థానిక సూర్యోదయాన్ని బట్టి మారుతుంది. పెళ్ళి జరిగే ఊరు పేరు చెప్పి, దాని అక్షాంశ రేఖాంశాలకు లెక్క కట్టమని సిద్ధాంతిగారిని అడగండి. తెల్లవారుజాము, రాత్రి ముహూర్తాలు వద్దని ముందే చెప్పండి. ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు లోపు దొరికితే అదృష్టం. జూన్‌లో సాయంత్రం ఐదున్నరకే పొద్దుగూకుతుంది. ఎండ కొండ వెనక్కి వెళ్ళిన నిమిషాల్లోనే చలి పట్టు చీరలోంచి లోపలికి దిగుతుంది.

వేదిక ఉరుబాంబా, యుకాయ్, ఓయాంతాయ్‌తాంబో చుట్టుపక్కల పెట్టుకోండి. హోటల్‌ను ఇవి అడగండి:

- హోమం వెలిగించనిస్తారా? లాన్‌లోనా, కప్పు కిందా?
- గదుల్లో హీటర్ ఉందా? చాలా హోటళ్ళలో ఉండదు. అదనపు దుప్పట్లు, వేడినీళ్ళ సంచి ఇస్తారు.
- ఆక్సిజన్ సిలిండర్ ఉందా? రాత్రి డాక్టర్ వస్తారా?
- మెట్లు ఎన్ని? పెద్దవాళ్ళకు కింది అంతస్తు గదులు ఇస్తారా?
- వంటగదిలో ఒక పొయ్యి మనకు వదులుతారా?

ఇంకో మాట. విదేశీ పర్యాటకులకు గది అద్దె మీద 18 శాతం పన్ను మినహాయింపు ఉంది. పాస్‌పోర్టు చూపించి, బిల్లులో అది తీసేశారో లేదో చూసుకోండి. పెద్ద బృందానికి అది చిన్న మొత్తం కాదు.

హోమానికి అక్కడ సులువుగా దొరికేది యూకలిప్టస్ కట్టె. దాని పొగ ఘాటు. పల్చటి గాలిలో ఇప్పటికే ఆయాసపడుతున్న పెద్దవాళ్ళ ముఖాన ఆ పొగ కొట్టకుండా గాలివాటు చూసి కుర్చీలు వేయించండి. మూసిన హాల్లో వద్దే వద్దు.

7. రోజుల వరస

పెళ్ళి రోజును కొండ మీద నాలుగో రోజుకు ముందు పెట్టొద్దు. కనీస వరస ఇది:

1. లీమాలో ఒక రాత్రి. ముప్ఫై గంటలు దాటిన ప్రయాణం తర్వాత నిద్ర ముఖ్యం. ఆ పూటే కొబ్బరికాయలు, పసుపు, పప్పులు కొనేయండి.
2. కొండ మీద మొదటి రోజు ఉదయం విమానంలో కుస్కో. బయట మాట్లాడుకున్న వ్యాన్ ఎక్కి నేరుగా లోయకు. దారి చించేరో మీదుగా పోతుంది కాబట్టి అక్కడ ఫొటోలకు దిగొద్దు.
3. రెండో రోజు విశ్రాంతి. ఓపిక ఉన్నవాళ్ళు సాయంత్రం ఊళ్ళో నడక.
4. మూడో రోజు వియ్యాలవారి ఇంటికి వెళ్ళడం, మెహందీ, పసుపు కొట్టడం.
5. నాలుగో రోజు పెళ్ళి.
6. ఐదో రోజు ఖాళీ.
7. ఆ తర్వాత మచు పిచ్చు, చివర్లో కుస్కో.

ఐదో రోజును ఖాళీగా ఎందుకు వదలాలంటే, కుస్కో, పూనో ప్రాంతాల్లో రోడ్లు దిగ్బంధించే సమ్మెలు తరచూ జరుగుతాయి. అక్కడ దాన్ని పారో అంటారు. రాళ్ళు అడ్డం పెట్టి రోజంతా బండ్లు కదలనివ్వరు. వానాకాలంలో కుస్కో విమానాలు రద్దవుతాయి. తిరుగు ప్రయాణంలో కుస్కో నుంచి లీమా వచ్చిన రోజే అంతర్జాతీయ విమానం పెట్టుకోవద్దు. మధ్యలో ఒక రాత్రి ఉండాలి.

లీమాలో ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ అయ్యాకే కుస్కో విమానం. రెండు టికెట్లు విడివిడిగా కొంటే సామాను తీసుకుని మళ్ళీ ఇవ్వాలి.

8. మొదటి రెండు రోజులు

పెళ్ళింటి హడావుడికి ఈ రెండు రోజుల నియమాలు బొత్తిగా పడవు. అందుకే ఇంట్లో మాట చెల్లే మనిషికి ఒకరికి ఈ బాధ్యత అప్పగించండి. పెద్దత్తయ్య లాంటివాళ్ళయితే మేలు.

- మాట్లాడుతూ నడవగలిగినంత నెమ్మదిగా నడవాలి. ఆయాసం వస్తే ఆగాలి.
- సూట్‌కేసులు మోయడానికి హోటల్ మనుషులున్నారు. బావమరుదుల పౌరుషం ఇక్కడ వద్దు.
- నీళ్ళు దాహానికి తగ్గట్టు, మరిగించినవి లేదా సీసాలో ఉన్నవి. కుళాయి నీళ్ళు తాగొద్దు.
- రాత్రి తేలిగ్గా తినాలి. అరుగుదల నెమ్మదిస్తుంది.
- మద్యం, నిద్రమాత్రలు వద్దు.
- మొదటి రాత్రి నిద్ర సరిగా పట్టకపోవడం, తలనొప్పి మామూలు. పారాసిటమాల్ చాలు.

కోకా ఆకు టీ ప్రతి హోటల్‌లో పెడతారు. పెరూలో అది చట్టబద్ధం. కానీ అది తాగాక మూత్ర పరీక్ష చేస్తే కొకైన్ తాలూకు ఆనవాళ్ళు కనిపిస్తాయి. అమెరికాలో ఉద్యోగానికి డ్రగ్ టెస్ట్ ఉన్నవాళ్ళు ముట్టుకోవద్దు. బదులుగా మున్యా అనే కొండ పుదీనా కషాయం అడగండి. కడుపు ఉబ్బరానికి కూడా హాయిగా ఉంటుంది.

వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఒకటి తీసుకెళ్ళండి, కానీ దానికి బానిసలు కావద్దు. ఈ ఎత్తుల్లో 90 కంటే తక్కువ చూపించడం చాలామందికి మామూలే. అంకె చూసి అందరూ బెంబేలెత్తే కంటే మనిషి ఎలా ఉన్నాడో చూడడం మేలు.

9. ఈ గుర్తులు కనిపిస్తే పెళ్ళి సంగతి పక్కన పెట్టండి

- కూర్చున్నా, పడుకున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గు, పెదాలు నీలం తిరగడం
- తూలడం. నేల మీద గీత ఉందనుకుని మడమకు బొటనవేలు ఆనిస్తూ నడవమనండి. నడవలేకపోతే ప్రమాదం.
- పొంతన లేని మాటలు, లేపినా సరిగ్గా లేవకపోవడం
- మాత్రలకు తగ్గని తలనొప్పితో పాటు ఆగని వాంతులు

ఏం చేయాలి? ఆక్సిజన్ పెట్టించాలి, డాక్టర్‌ను పిలవాలి, వెంటనే కిందికి దించాలి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. పెరూలో అంబులెన్సుకు 106, పోలీసులకు 105, అగ్నిమాపక దళానికి 116. ఈ మూడు నంబర్లు, హోటల్ చిరునామా ఒక చీటీ మీద రాసి పెద్దవాళ్ళందరి జేబుల్లో పెట్టండి. లీమాలో భారత రాయబార కార్యాలయం ఉంది, దాని నంబరు కూడా చేర్చండి.

ఎత్తులో వచ్చే ప్రతి నలతనూ, వేరే కారణం రుజువయ్యేదాకా, ఎత్తు జబ్బే అనుకోవాలి. "ప్రయాణ బడలికలే" అని ఊరుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు.

10. అవతలివాళ్ళ ఆచారాలకు సిద్ధం కావడం

ఇది కుటుంబాన్ని బట్టి మారుతుంది. నగరంలోని కుస్కో కుటుంబం అయితే చర్చి, విందు, డ్యాన్సు. కొండ ఊళ్ళ క్వెచువా (ఆండీస్ ఆదివాసీ) కుటుంబం అయితే వేరే లోకం. ముందే అడిగి, మన పెద్దలకు ఒక వీడియో కాల్‌లో చెప్పించండి.

పిల్లనడగడం. చాలా ఊళ్ళలో పెళ్ళికొడుకు వైపువాళ్ళు పెద్దమనుషులతో, కోకా ఆకులు, మద్యం, రొట్టెలు పట్టుకుని పిల్ల ఇంటికి వెళ్ళి అడుగుతారు. వాళ్ళు వెంటనే ఒప్పుకోకుండా బెట్టు చేయడం కూడా ఆచారంలో భాగమే. మన వాళ్ళు అవమానం అనుకుని లేచిపోకుండా చూసుకోండి.

కోకా ఆకులు. మూడు మంచి ఆకులు ఏరి విసనకర్రలా పట్టుకుని కొండల వైపు ఊది, ఎదుటివాళ్ళకు ఇస్తారు. దీన్ని కింటు అంటారు. రెండు చేతులతో తీసుకోవాలి. నమలాలని లేదు, తీసుకోకపోవడమే తప్పు.

భూమాతకు నైవేద్యం. పచమామకు కాగితం పరిచి గింజలు, మిఠాయిలు, పూలు, ఆకులు పేర్చి కాలుస్తారు. అందులో లామా కొవ్వు, కొన్నిసార్లు ఎండిన లామా పిండం ఉంటాయి. శాకాహారి బామ్మగారికి ఈ సంగతి అక్కడ తెలియడం కంటే ఇక్కడే తెలియడం మంచిది.

పద్రీనో, మద్రీనా. పెళ్ళి పెద్దలుగా ఒక జంటను ఎంచుకుంటారు. వీళ్ళు కాకుండా కేకుకు ఒకరు, ఉంగరాలకు ఒకరు, బ్యాండుకు ఒకరు అని ఖర్చు పంచుకునే పద్రీనోలూ ఉంటారు. మన బాబాయిని ఉండమని అడిగితే గౌరవమే. కానీ ఒప్పుకునే ముందు ఏ ఖర్చు, ఎంత అని వధువు ద్వారా కనుక్కోండి. ప్రధాన పద్రీనో అంటే ఆ జంటకు జీవితాంతం పెద్దదిక్కు.

కానుకలు. ఇక్కడ మనవాళ్ళు ఇట్టే కలిసిపోతారు. చదివింపులు పుస్తకంలో రాసుకుని వాళ్ళింటి శుభకార్యానికి తిరిగి పెట్టినట్టే, కొండ ఊళ్ళలోనూ ఇచ్చింది గుర్తుపెట్టుకుని ఐనీ పేరుతో బదులు తీరుస్తారు. నగరాల్లో కవర్లో డబ్బు పెట్టడం వాడుక. డాలర్లయితే చిరుగు, మరక లేని నోట్లే ఇవ్వండి. చిరిగినవి పెరూలో ఎవరూ తీసుకోరు.

తాగడం. ఒకే గ్లాసు చేతులు మారుతూ తిరుగుతుంది. పోసుకుని, సీసా పక్కవారికి ఇచ్చి, తాగి, అడుగున నురగ నేల మీద విదిల్చి గ్లాసు అందిస్తారు. మొక్కజొన్న కల్లు చీచా అయితే తాగే ముందు నాలుగు చుక్కలు భూమికి. వద్దనుకుంటే "ఎస్తోయ్ తొమాందో పస్తీయాస్" అనండి, మాత్రలు వాడుతున్నాను అని. ఎవరూ బలవంతపెట్టరు.

పలకరింపు. ఆడవాళ్ళతో పలకరింపుకు చెంపకు చెంప ఆనిస్తారు. ఇబ్బందిగా ఉంటే ముందే నమస్కారం పెట్టేయండి, వాళ్ళూ నవ్వుతూ పెడతారు.

అలాగే మన సంగతులు వాళ్ళకు ఒక పేజీలో స్పానిష్‌లో రాసివ్వండి: మండపంలోకి చెప్పులు వద్దు, తాళి కట్టేదాకా మాంసం, మద్యం బయటికి తీయొద్దు, ముహూర్తం సమయం దాటకూడదు. అక్కడ విందులకు గంట ఆలస్యంగా రావడం పెద్ద తప్పు కాదు. వాళ్ళ ఆహ్వానంలో గంట ముందు సమయం వేయండి.

విందు చివర్లో ఓరా లోకా అని ముసుగులు, ఈలలు, రంగు కాగితాలతో గంటసేపు వీరంగం ఉంటుంది. పిల్లలకు పండగ. పెద్దవాళ్ళను చెయ్యి పట్టి లాగుతారు, ఒక పాటతో సరిపెట్టి కూర్చోబెట్టండి.

11. తిండి

కూయి అనే గినీ పందిని తల, పళ్ళతో సహా పళ్ళెంలో పెడతారు. పిల్లలకు ముందే చెప్పండి. శాకాహారం అంటే చికెన్ తింటారనో, మాంసం రసం పర్వాలేదనో అనుకుంటారు. "నో కోమో కార్నే, ని పోయో, ని పెస్కాదో, ని కాల్దో దే కార్నే" అని అట్ట మీద రాసుకుని చూపించండి. మాంసం, కోడి, చేప, మాంసం రసం ఏవీ తినను అని.

నిశ్చింతగా తినదగ్గవి: ఉడికించిన పెద్ద గింజల మొక్కజొన్న, దానితో జున్ను, రకరకాల బంగాళాదుంపలు, మాంసం రసం లేని కీన్వా సూప్, అన్నం, గుడ్లు. రొకోటో మిరపకాయ గుంటూరు వాళ్ళను కూడా ఒప్పిస్తుంది. తీపి లేని పెరుగు కావాలంటే "సిన్ అసూకార్" అని అడగాలి.

సొంత వంట చేసుకునేవాళ్ళు కుక్కర్ తీసుకెళ్ళాల్సిందే. కుస్కో ఎత్తులో నీళ్ళు 89 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత లేని గిన్నెలో కందిపప్పు గంటలు ఉడికినా పలుకు పోదు, అన్నం పైన మెత్తబడి లోపల బిరుసుగా ఉంటుంది. కుక్కర్లో కూడా ఇంటి దగ్గర కంటే రెండు మూడు విజిల్స్ ఎక్కువ రానివ్వాలి. బియ్యం, లెంతెఖాస్ అనే పప్పు ఏ సంతలోనైనా దొరుకుతాయి.

పచ్చళ్ళు, పొడులు కంపెనీ సీలుతో ఉన్నవే తీసుకెళ్ళి, లీమాలో డిక్లేర్ చేయండి. పండ్లు, విత్తనాలు, తమలపాకులు, పూలు, పాల పదార్థాలు ఆపేస్తారు. తలంబ్రాల బియ్యం అక్కడే కొని పసుపు కలపండి. పసుపును కూర్కుమా అంటారు. కర్పూరం, ఎండు కొబ్బరి విమానంలో ఒప్పుకోరు. మంగళసూత్రాలు, జీలకర్ర, యజ్ఞోపవీతం, మెట్టెలు చేతి సంచిలో ఉండాలి. జీలకర్రకు సీలు పొట్లమే మేలు. బెల్లం వెతుక్కోనక్కర్లేదు, అక్కడ చంకాకా అని దొరుకుతుంది.

12. బట్టలు, వస్తువులు

- పట్టు చీర కింద థర్మల్స్. జాకెట్టుకు పొడుగు చేతులు కుట్టించండి.
- మండపంలో కూర్చునేవాళ్ళకు మందపాటి సాక్సులు, ఉన్ని శాలువాలు
- మడమ చెప్పులు వద్దు, వీధులన్నీ గుండ్రాళ్ళే
- టోపీ, సన్‌స్క్రీన్, పెదాలకు వ్యాజిలిన్. ఈ ఎత్తులో ఎండ అరగంటలో చర్మం మాడుస్తుంది.
- 220 వోల్టులే కాబట్టి చార్జర్లు పనిచేస్తాయి, మన మూడు పుల్లల ప్లగ్గు మాత్రం పట్టదు. అడాప్టర్ కావాలి.
- టాయిలెట్లకు, తినుబండారాలకు పెరూ డబ్బు, అంటే సోల్ నాణేలు. టాయిలెట్ కాగితం బుట్టలో వేయాలి, కమోడ్‌లో కాదు.

13. తరచూ జరిగే పొరపాట్లు

*సంగీత్ కుస్కోలో, పెళ్ళి లోయలో.* తిరగేయండి. సంగీత్, పెళ్ళి లోయలో పెట్టి, కుస్కోలో చివరి విందు పెట్టండి.

*పెళ్ళికి ముందు రోజు కుర్రాళ్ళు రంగుల కొండకు వెళ్ళడం.* 5,000 మీటర్లు దాటే నడక అది. తెల్లవారుజామున లేచి, రాత్రికి వాడిపోయి వస్తారు. ఫొటోగ్రాఫర్ కూడా వాళ్ళతో వెళ్తే ఇక చెప్పక్కర్లేదు. పెళ్ళయ్యాకే.

*అందరికీ ఒకే బస్సు, ఒకే కార్యక్రమం.* రెండు వ్యాన్‌లు మాట్లాడండి. ఒకటి పెద్దవాళ్ళతో మధ్యలో వెనక్కి వచ్చేసేలా ఉండాలి.

*టిటికాకా కూడా కలిపేద్దాం అనుకోవడం.* బస్సులో ఆరేడు గంటలు, మధ్యలో లా రాయా కనుమ, పడుకునేది 3,800 మీటర్ల పైన. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు పెళ్ళి తర్వాత వెళ్ళొచ్చు. పెద్దవాళ్ళు అప్పటికి లీమా చేరిపోతే మంచిది.

14. పెళ్ళయ్యాక

మచు పిచ్చు కుస్కో కంటే దాదాపు వెయ్యి మీటర్లు కింద ఉంటుంది, కాబట్టి పెద్దవాళ్ళకు ఊపిరి హాయిగా ఆడుతుంది. మెట్లే కష్టం. ఓయాంతాయ్‌తాంబో నుంచి రైలు రెండు గంటల లోపే. ఆగ్వాస్ కాలియెంతెస్‌లో రాత్రి ఉండి పొద్దున్నే బస్సులో పైకి వెళ్ళండి. రైల్లో చిన్న సంచికే అనుమతి, పెట్టెలు లోయ హోటల్లో వదిలేయాలి. రోజుకు ఇంతమందికే అని టికెట్లు ఉంటాయి, వాటికి దారి, ప్రవేశ సమయం ముందే నిర్ణయమై ఉంటాయి. జూన్ నుంచి ఆగస్టు వరకు అయితే నెలల ముందే కొనాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు పైమెట్లు తక్కువున్న దారి ఎంచుకోండి.

తిరిగి బయల్దేరే ముందు రాత్రి అందరి సంచులూ ఒకసారి తెరిపించండి. కింటు ఇచ్చినప్పుడు జేబులో పెట్టుకున్న కోకా ఆకులు, హోటల్ టీ పొట్లాలు, కొన్న కోకా చాక్లెట్లు అన్నీ తీసి అక్కడే వదిలేయాలి. అమెరికాలో గానీ భారత్‌లో గానీ అవి దొరికితే మాదకద్రవ్యాల కేసు కింద లెక్క. పసుపు కార్డులు పాస్‌పోర్టులతో కలిపి చేతి సంచిలో పెట్టుకోండి, చెక్-ఇన్ పెట్టెలో కాదు.